గోషామహలు బారాదరి

కొంతకాలము క్రిందట మా పాఠశాల విద్యార్థులను వెంటబెట్టుకొని మేము బెజవాడనుండి భాగ్యనగరమునకు పోయియుంటిమి. గోలకొండకోటయు, చారుమినారును చూపిన పిమ్మట గోషామహలు పేటకు పోయి, అందున్న ప్రాచీనమండపమును వెలుపలినుండియే వారికి చూపి, "ఇది తానీషా ప్రభువు కట్టించినది. ఇప్పుడిది ఫ్రీమేసనులను సోదరసంఘమువారి మందిరము" అని చెప్పితిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ముందునకు వచ్చి, "మాస్టారూ, గోషా యనగా ఆడవారిని మరుగున నుంచుట గదా. మగవారు మాత్రమే కూడుకొను నింటికి గోషామహలని పేరేమిటండీ?" అని యడిగినది. పేరు పాతది, సంఘము క్రొత్తది యని అప్పటికి క్లుప్తముగ చెప్పి తప్పించుకొంటిమి. కాని తిరుగు ప్రయాణమున రైలు కృష్ణవంతెన చేరువకు వచ్చువరకును ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఆ బాలికకు చెప్పవలసిన పూర్తి యుత్తరమే ఈ వ్యాసము.

గోలకొండ రాజ్యకథ మన డెల్టాకు పరాయికథ కాదు. ఆ రాజ్యమునకు సముద్రద్వారము మన మచిలీబందరే. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి. మన యద్దకపు బట్టలు ఆ రేవునుండియే పారసీకమునకును, తూర్పుదీవులకును, ఐరోపాకును పోయెను. కుతుబుషాహీ వంశమున కడపటివాడైన అబుల్ హసను, అనగా మన వారెల్లరు తానీషా యని పిలుచు ప్రభువు, 1672లో సింహాసనమెక్కెను. అతని మంత్రులు మాదన్నయు, అతని సోదరుడు అక్కన్నయు. బెజవాడలో ఇంద్రకీలాద్రి పాదమున నున్న గుహలను నేటికిని జనులు అక్కన్నమాదన్నల గుహలనియే పిలుచుచున్నారు. ఆ గుహలు నిజమునకు ఆ మంత్రులకు వేయియేండ్లు పూర్వము తొలువబడినవి. అయినను ప్రజలు తమకు ప్రీతిపాత్రులైనవారి పేరు రాతికి తగిలించిరి. భద్రాచలమున గుడి కట్టించి చెరపడిన కంచెర్ల గోపన్న వీరి బంధువే. కాబట్టి గోషామహలు కట్టడమును గూర్చి చెప్పుకొనుట మన యింటి పెరటిగోడను గూర్చి చెప్పుకొనుట వంటిదే.

ఈ మహలును తానీషా 1682లో కట్టించెను. గోషా యను పారసీకపదమునకు మూల, మరుగు, ఏకాంతము అని యర్థము. అంతఃపురస్త్రీల నివాసమగుటచే దానికాపేరు వచ్చినది. అందు మనము చూచు మండపమునకు బారాదరి యని పేరు. బారా యనగా పండ్రెండు, దర్ యనగా ద్వారము. గాలియు వెలుతురును నలుదిక్కులనుండి ధారాళముగ వచ్చుటకై పండ్రెండు వాకిళ్లతో కట్టు వేసవిమండపములకు ఆ కాలమున ఇదియే పేరు. మరుగునకు పేరైన మహలులో పండ్రెండు ద్వారముల మండపము! ఈ రెండు పేర్ల పొత్తును చదువరులు మనసున నుంచుకొందురుగాక. ఆ కట్టడము తరువాతి కథయంతయు ఈ రెండుపేర్ల నడుమనే నడచినది.

మహలు కట్టిన యైదేండ్లకు రాజ్యము గూలినది. 1686లో అక్కన్నమాదన్నలు గోలకొండ వీథులలో చంపబడిరి. మరుసటి సంవత్సరము ఔరంగజేబు ఎనిమిది నెలలు కోటను ముట్టడించెను. అతని ఫిరంగులు గోడలను భేదింపలేకపోయెను. తుదకు సెప్టెంబరు నెలలో ఒక రాత్రి, లంచము గొన్న సేనాని యొకడు లోపలినుండి ద్వారము తెరచెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీయై అచ్చటనే మరణించెను. కోట ద్వారము ద్రోహమువలన తెరువబడినదని మన చరిత్రపుస్తకములు చెప్పును. మంచి యుద్దేశముతో కట్టిన ద్వారములు తెరువబడక పోవుటవలన కలుగు నష్టమును గూర్చి అవి యంతగా చెప్పవు. ఇకముందు మేము చెప్పబోవునది అట్టి ద్వారముల కథ.

ఫ్రీమేసను అనగా స్వతంత్రుడైన తాపీపనివాడు. ఐరోపాలో పెద్ద దేవాలయములను కట్టిన రాతిపనివారు, పనిచోట వేసికొన్న పాకను లాడ్జి యనిరి. అందే పనిముట్లుంచుకొని, అందే విశ్రమించి, తమ విద్యలోని మర్మములను శిష్యులకు చెప్పుకొనెడివారు. కాలక్రమమున ఆ పనితో సంబంధము లేని పెద్దమనుష్యులు వారి సంఘములలో చేరిరి. 1717లో లండను నగరమున నాలుగు లాడ్జీలు కలిసి మహాలాడ్జిగా నేర్పడెను. నాటినుండి మూలమట్టము నీతికిని, వృత్తలేఖిని నిగ్రహమునకును, తూకపుగుండు ఋజువర్తనమునకును గుర్తులైనవి. శిష్యుడు, సహచరుడు, ఆచార్యుడు అని మూడంతస్తులు. చేరువానికి ఒకే పరమేశ్వరునియందు విశ్వాసముండవలెను. ఆ యీశ్వరుని వారు విశ్వనిర్మాతయని పిలుతురు. సభలో మతవివాదములును, రాజకీయములును కూడవు. లోపలికి వచ్చినవారందరు సోదరులు. ఇది వారి సిద్ధాంతము.

ఈ సంఘము ఆంగ్లేయుల యోడలతోపాటే మన దేశమునకు వచ్చినది. 1730 ప్రాంతమున కలకత్తాలోను, 1752లో మదరాసులోను లాడ్జీలు వెలసినవి. సైన్యము ఎచ్చటికి పోయిన అచ్చటికి లాడ్జి పోయెను. 1806లో సికిందరాబాదు దండు ఏర్పడినది. ఆ తెల్లదొరల దండులో మేసనులు కలరు. క్రమముగ హైదరాబాదు నవాబులును, పారసీ వర్తకులును అందు చేరిరి. 1872లో నిజాము ప్రభుత్వము గోషామహలు బారాదరిని ఈ సంఘమున కిచ్చెను. ఆరవ నిజాము అప్పటికి ఆరేండ్ల బాలుడు. రాజ్యభారము మొదటి సాలారుజంగు మొదలగు పాలకుల చేతిలో నుండెను. ఆ విధముగ రాణివాసపు విహారమండపము తాపీపనివారి పేరు పెట్టుకొన్న ప్రభువుల సమాజమందిరమైనది. నాటినుండి నేటివరకును అది వారి మందిరమే.

లోపల జరుగు పనిని వారు బయట చెప్పరు. కాబట్టి బయటివారు తమకు తోచినది చెప్పుకొనిరి. ఉత్తరహిందూస్థానమున మేసనుల యిండ్లను సామాన్యులు జాదూఘరు లనిరి, దయ్యపు బంగాళా లనిరి. లోపల పుఱ్ఱెలున్నవనిరి, ప్రమాణము తప్పినవాడు రక్తము కక్కుకొనుననిరి. ఈ మాటలు విని చదువుకొన్నవారు నవ్వుదురు. మేము నవ్వము. తలుపు మూసియున్న ఇంటిని గూర్చి వీథిలోనివాడు మరేమి యూహింపవలెను? చెప్పవలసినది మనము చెప్పకున్నచో వినవలసినవాడు తానే కథ కట్టుకొనును. ఈ యనుమానము సామాన్యులకే కాదు, ప్రభుత్వములకును కలిగినది. 1738లోనే రోమునందలి పోపు ఈ సంఘమును నిషేధించెను. 1972లో పాకిస్థాను ప్రభుత్వము తన దేశమున దీనిని నిషేధించి మందిరములను స్వాధీనపరచుకొనెను. మన దేశమున నట్లు జరుగలేదు. 1961లో భారతదేశమునకు ప్రత్యేకముగ మహాలాడ్జి యేర్పడి, రాంపూరు నవాబు దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను.

పక్షపాతము లేక చెప్పవలయునన్నచో, ఈ సంఘమువలన కొంత మేలు జరిగినది. తెల్లవారి క్లబ్బులలో హిందూదేశస్థుడు సేవకుడై తప్ప అడుగుపెట్టజాలని దినములలో లాడ్జి గదిలో తెల్లదొరయు, మహమ్మదీయుడును, పారసీయు, హిందువును ఒకే వరుసను కూర్చుండిరి. ప్రమాణమునకై ఎవరి పవిత్రగ్రంథము వారికి ముందుంచిరి. బైబిలు ప్రక్కను ఖురానును, భగవద్గీతయు, పారసీల అవెస్తాయు ఒకే పీఠముమీద నుండుట ఆ కాలమున మరెచ్చట చూడగలము? అనాథలకును, వితంతువులకును వారు చేసిన దానధర్మములును కలవు.

కాని ఆ వరుసలో కూర్చుండుటకే మనవారు ఎంత పెనుగులాడవలసివచ్చెనో చూడుడు. కలకత్తాలో ప్రసన్నకుమారదత్తు అను వంగీయుడు 1863లో చేరగోరెను. ఆ రాష్ట్రపు మేసనుల నిబంధనలో, రాష్ట్రాధ్యక్షుని యనుజ్ఞ లేనిదే ఆసియావాసిని చేర్చుకొనరాదని యుండెను. దత్తు విడువలేదు. లండను వరకు వివాదము పోయెను. తొమ్మిది సంవత్సరముల పిమ్మట, 1872లో, ఆయనకు ప్రవేశము దొరకెను. హైదరాబాదులో బారాదరి తలుపులు మేసనులకు తెరువబడినదియు ఆ సంవత్సరమే. ఒకచోట నిజాము రాజ్యము వారికి రాజమందిరమునే యిచ్చెను. మరియొకచోట వారు ఈ దేశపువానికి ఒక పీట యిచ్చుటకు తొమ్మిదేండ్లు ఆలోచించిరి.

అడ్డు చెప్పినవారి వాదములు తెలిసికొనదగినవి. హిందువులు బహుదేవతారాధకులు, కాబట్టి ఏకేశ్వరునిపై వారు చేయు ప్రమాణము చెల్లదనుట మొదటిది. ఉపనిషత్తులు తెలిసినవారికి దీనికి సమాధానము చెప్పుట సులభము. హిందువులు కులభేదము పాటింతురు, తోడిహిందువునే ముట్టనివాడు మాకు సోదరుడెట్లగుననుట రెండవది. రంగు చూచి మనుష్యుని వాకిట నిలిపినవారు మనకు కులమును గూర్చి ధర్మోపదేశము చేయుట వింతయే. కాని నింద చేసినవాడు దోషియైనంతమాత్రమున నింద అబద్ధమగునా? ఆ రెండవ ప్రశ్నకు మన సంఘము సమాధానము చెప్పవలసియే యుండెను. నేటికిని పూర్తిగ చెప్పినదని మేమనజాలము.

మరియొక విషయము. మూలమట్టమును, తాపీని గుర్తుగా ధరించిన ఈ మందిరములలో నిజముగ తాపీ పట్టిన మేస్త్రి ఎన్నడైన సోదరుడై కూర్చుండెనా? చందాయు, ఇంగ్లీషుభాషయు, పెద్దల సిఫారసును గుమ్మములో నిలువగా అతడెట్లు లోపలికి పోగలడు? బారాదరి గోడకు సున్నము వేయుటకు అతడు పోయియుండును. పనిముట్టునకు గౌరవము, పనివానికి గుమ్మము వెలుపల స్థానము! ఈ యాచారము మేసనులది మాత్రమే కాదు. ఆయుధపూజనాడు కొడవలికి కుంకుమ పెట్టి, దానితో కోసినవానిని పంచలో కూర్చుండబెట్టి వడ్డించిన గృహములు మన డెల్టాలో ఎన్ని లేవు?

ఇక స్త్రీల మాట. లండను సంప్రదాయమున నడచు లాడ్జీలు స్త్రీలను చేర్చుకొనవు. భారతదేశపు మహాలాడ్జియు ఆ సంప్రదాయమునదే. ఫ్రాన్సులో 1893లో స్త్రీపురుషులిరువురకును ప్రవేశము గల మేసనుసంఘ మొకటి వెలసినది. అనిబిసెంటమ్మ 1902లో దానిని లండనునకు తెచ్చి, పిదప హిందూదేశమునకును తెచ్చినది. ఆమె యధ్యక్షత వహించిన దివ్యజ్ఞానసమాజము కూడ తన శాఖలను లాడ్జీలనియే పిలిచెను. జాతి, మతము, వర్ణము, స్త్రీపురుషభేదము లేని విశ్వసోదరత్వమే దాని ప్రథమోద్దేశము. 1882 మే నెలలో బ్లావట్స్కీ యమ్మయు, ఆల్కాటు దొరయు మదరాసునుండి బకింగుహాము కాలువమీద ఇంటిపడవలో నెల్లూరునకు వచ్చి, అచ్చటనుండి పెదగంజాము వరకు పడవలోనే పోయి, పల్లకీలమీద గుంటూరు చేరిరి. అప్పటికి గుంటూరు కృష్ణాజిల్లాలోనిదే. విశ్వసోదరత్వమను మాట మన ప్రాంతమునకు కాలువపడవలో వచ్చినదన్నమాట. ఆ మాట వినుటకు పురుషులు గుంపులుగ వచ్చిరి. వారి యింటి యాడువారు మాత్రము ఇంటనే యుండిరి. గోషా మహలులలోనే యుండునని యెవరనగలరు?

ఈ సందర్భమున మరియొక మందిరమును స్మరింపవలసియున్నది. 1830 జనవరి నెలలో రాజా రామమోహనరాయలు కలకత్తాలో బ్రహ్మసమాజ మందిరమును తెరచెను. దానికై వ్రాసిన ధర్మకర్తల దస్తావేజులో, క్రమశిక్షణతోను భక్తితోను మెలగు మనుష్యుడెవడైనను ఏ భేదమును లేక అచ్చట కూడవచ్చునను షరతును ఆయన చేర్పించెను. దానిని నోటిమాటగా విడువక ఆస్తిపత్రములోనే వ్రాయించుట ఆయన దూరదృష్టి. సత్సంకల్పము మనుష్యునితో పోవును, దస్తావేజు ఇంటితో నిలుచును.

ఆ మహాపురుషుని పేర బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికొరకు పాటుపడిరి. 1914 ఏప్రిలు 10వ తేదీన ఆంధ్రదేశపు గ్రంథాలయములవారు బెజవాడలో ప్రథమమహాసభ జరుపుకొని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ సభకు అధ్యక్షులు. కన్నుచూపు కొరవడియు సాహిత్యసేవ మానని ఆ మహాకవి, ఇతరుల కన్నులకు పుస్తకములు చేర్చు సభకు పెద్దయగుట తలచుకొన్నప్పుడెల్ల మాకు మనసు ద్రవించును. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములుంచి గుంటూరుజిల్లా కాలువ వెంబడి ఊరూర అందించిరి. ఆ పడవకు తలుపు లేదు, ప్రమాణము లేదు, రహస్యపు గుర్తు లేదు. గట్టుమీద నిలిచి చేయి చాచినవాడే సభ్యుడు.

ఇంతవరకు వ్రాసి, మన గ్రంథాలయములు మేసనుల మందిరముకంటె గొప్పవని ముగించినచో చదువరులు సంతోషింతురు. కాని మా మనస్సాక్షి యొప్పుకొనదు. మేము ఉన్నతపాఠశాలలో చదువుకొను దినములలో ఒక యూరి పఠనాలయమునకు ప్రతి సాయంకాలము పోవుచుంటిమి. మాతో చదువుకొను మాలపల్లె బాలుడొకడు మాతోపాటు ఆ మెట్లవరకు వచ్చి అచ్చటనే నిలిచిపోయెడివాడు. మేము లోపల కిటికీ ప్రక్కను కూర్చుండి పత్రికలోని వార్తలు పెద్దగ చదివెడివారము. అతడు కిటికీ వెలుపల నిలిచి వినెడివాడు. అతనికి మేలు చేయుచున్నామని మాకు గర్వముగ నుండెడిది. ఆ పఠనాలయములో అతడు రాకూడదను నిబంధన లేదు. గోడమీద బోర్డు లేదు. కావలివాడు లేడు. లోపలికి రమ్మని ఒక్కరును అనలేదు, అంతే. మేమును అనలేదు. చదువులో మాకంటె ముందుండిన ఆ బాలుడు మరుసటి యేడు బడి మానెను. చదివి వినిపించుట దయ కాదనియు, కుర్చీ జరిపి చోటిచ్చుటయే న్యాయమనియు మాకు తెలియుటకు చాల ఏండ్లు పట్టెను.

ప్రసన్నకుమారదత్తునకు అడ్డముగ ఒక నిబంధన యుండెను. నిబంధన యున్నచోట దానితో పోరాడవచ్చును, లండనుదాక వ్రాయవచ్చును, తొమ్మిదేండ్లకైనను గెలువవచ్చును. మా సహాధ్యాయునకు పోరాడుటకు నిబంధనయే లేదు. తాళము వేసిన తలుపును తట్టవచ్చును. తెరచియున్న తలుపువద్ద నిలిచిపోయినవాడు దేనిని తట్టవలెను? అందుచే మూసిన ద్వారముకంటె, తెరచియుండియు ఎవరును పిలువని ద్వారమే మనము ఎక్కువగ భయపడవలసినది. మొదటిదానిని చూచి వీథిలోనివాడు జాదూఘరని నవ్వి పోవును. రెండవదానిని చూచి తనయందే ఏదో కొరతయున్నదని తలవంచుకొని పోవును.

సంఘసంస్కారమును కోరు మన సభలకును, సమాజములకును, పఠనాలయములకును ఈ పాతమండపము నేర్పు పాఠమిది. ద్వారములెన్ని యున్నవని లెక్కింపరాదు. ఎవరు ఆ ద్వారమున లోపలికి వచ్చిరో, ఎవరు మెట్లమీద నిలిచిరో లెక్కింపవలెను. మన సభలో పని చేసి పెట్టువాడు సభ్యుడా? మన యింటి స్త్రీలు తమంతట తాము వచ్చి మాటాడుచున్నారా, లేక మన తరఫున పలుకుచున్నారా? ఈ ప్రశ్నలు వేసికొనుటకు మూలమట్టము అక్కరలేదు. ఉన్న కన్నులు చాలును.

మొన్న ఆ బాలికను పిలిచి ఈ కథయంతయు చెప్పితిమి. శ్రద్ధగ విని, "అయితే మాస్టారూ, పేరు సరిగానే మిగిలినదన్నమాట" అనెను. పిదప కొంచె మాలోచించి, "మన బడి గ్రంథాలయపు తాళము మగపిల్లల నాయకుని యొద్దనే యుండునండీ. మాకు కావలసినప్పుడు అతనిని వెదకికొనవలెను" అనెను. ఇరువది యేండ్లుగ ఉపాధ్యాయులమై యుండియు ఆ సంగతి మేము గమనింపలేదు. మరునాడే రెండవ తాళపుచెవి చేయించి ఆమె చేతి కిచ్చితిమి.